మెరుగు, తరుగు

కారు మీద పడ్డ గీతని ఎవరూ తీసేయలేరు. ఈ మాట నమ్మడం కష్టమే, ఎందుకంటే గీతలు తీస్తామని బోర్డు పెట్టుకున్న షాపు ఇప్పుడు ప్రతి టౌన్లోనూ ఉంది. అక్కడికి వెళ్లొచ్చిన కారు మీద నిజంగానే గీతలు కనబడవు. కానీ గీత అంటే తీసి పక్కన పెట్టడానికి ఒక వస్తువు కాదు. పెయింటులో కొంత అక్కడ లేదు, అంతే. లేనిదాన్ని తీసేయడం ఎలా? పాలిష్ చేసేవాడు చేసేదల్లా గీత చుట్టూ ఉన్న మంచి పెయింటుని గీత అడుగు దాకా అరగదీయడం. చుట్టూ అంతా దిగిపోయాక ఇక గీత అని చెప్పుకోడానికి ఏమీ మిగలదు. ఊళ్లో ఒక గొయ్యి ఉంటే దాన్ని పూడ్చకుండా ఊరంతటినీ గోతి లోతుకి దించడం లాంటిదన్నమాట.

ఇప్పటి కార్లకి ఫ్యాక్టరీలో వేసే పూతలన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటాయి. తుప్పు పట్టకుండా అడుగున ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన రంగు లేని క్లియర్ కోట్. ఎండనీ వాననీ కాచుకునేది ఈ చివరిదే. దాని వాటా మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందం కూడా ఉండదు. కాంపౌండ్ పెట్టి మెషీన్‌తో గట్టిగా ఒకసారి రుద్దితే అందులో కొన్ని మైక్రాన్లు పోతాయి. పోయినవి తిరిగి రావు.

అంటే మెరుపు అనేది ఒక ఖర్చు. నేను అడగదలుచుకున్న ప్రశ్న కూడా దాని గురించే. పాత వస్తువుని కొత్తదానిలా చూపించడం కోసం దానిలో మిగిలిన ఆయుష్షులో కొంత ఖర్చు పెట్టే హక్కు ఎవరిది? ఆ ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలి?

ముందు ఈ గీతలు ఎక్కణ్ణించి వస్తాయో చూద్దాం. మాది పెనుగొండ. వాసవీ కన్యకాపరమేశ్వరి గుడికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. హైదరాబాద్ కార్లు, బెంగళూరు కార్లు, చెన్నై కార్లు వరసగా ఆగుతాయి. జనం దర్శనానికి వెళ్లగానే డ్రైవర్లు డిక్కీలోంచి ఒక గుడ్డ తీస్తారు. హైవే దుమ్ము, సిద్ధాంతం దగ్గర ఇసుక లారీల వెనక వచ్చినందుకు దక్కిన ఇసుక, అన్నీ బానెట్ మీద పొడిపొడిగా ఉంటాయి. ఆ పొడి మీదే పొడిగుడ్డతో, చేత్తో గుండ్రంగా తిప్పుతూ, ఎంతో శ్రద్ధగా తుడుస్తారు. దుమ్ము పోతుంది. ఆ దుమ్ములోని ప్రతి ఇసుక రేణువూ పోతూ పోతూ ఒక సన్నటి గీత గీసి పోతుంది. యజమాని తిరిగొచ్చేసరికి కారు శుభ్రంగా ఉంటుంది. అలాంటి శుభ్రం మూడేళ్లు జరిగాక, ఎండలో నిలబెట్టి చూస్తే సూర్యుడి చుట్టూ సాలెగూడు అల్లుకున్నట్టు కనబడుతుంది. స్వర్ల్ మార్కులంటే అవే. అశ్రద్ధ వల్ల వచ్చే గీతలు కొన్ని ఉంటాయి గానీ ఇవి మాత్రం శ్రద్ధ వల్ల వచ్చేవి. రోజూ తుడిచే కారుకే ఎక్కువ ఉంటాయి.

ఆ సాలెగూడు గురించి ఇంకో సంగతి. గుండ్రంగా తుడిచారు కాబట్టి గుండ్రంగా పడ్డాయి అనుకుంటాం. కాదు. గీతలు అన్ని దిక్కుల్లోనూ అడ్డదిడ్డంగా ఉంటాయి. వాటిలో దీపానికి అడ్డంగా ఉన్నవి మాత్రమే వెలుతురుని మన కంటివైపు తిప్పుతాయి, మిగతావి కనబడవు. అందుకే దీపం ఎక్కడ పెడితే అక్కడ చుట్టూ వలయాలు తేలతాయి. టార్చి పక్కకి జరిపితే వలయాలూ జరుగుతాయి. జార్జ్ ఇలియట్ 1871-72లో వచ్చిన ‘మిడిల్‌మార్చ్’ నవలలో సరిగ్గా ఈ సంగతినే పట్టుకుంది. పనిమనిషి రోజూ తుడిచే నిలువుటద్దం మీద ఎటుపడితే అటు గీతలుంటాయి, కొవ్వొత్తి పెడితే అవన్నీ ఆ కొవ్వొత్తి చుట్టూనే పేర్చినట్టు కనబడతాయి. గీతలు జీవితంలో జరిగే సంఘటనలు, కొవ్వొత్తి మన అహం అంటుందామె. అంతా మన చుట్టూ, మన కోసమే జరిగినట్టు కనబడుతుందన్నమాట. ఇది చదివిన చాలా ఏళ్లకి, చేతిలో ఇన్‌స్పెక్షన్ లైట్ పట్టుకుని ఒక కారు డోరు ముందు కూచున్నప్పుడు నాకు అర్థమైంది, ఆవిడ ఊహించి రాయలేదు, చూసి రాసింది.

ఇక రెండో జబ్బు ఆక్సిడేషన్. దీనికి గుడ్డ అక్కర్లేదు, ఎండ చాలు. పెయింటులో రంగుపొడిని పట్టి ఉంచే రెజిన్ ఒకటి ఉంటుంది. అతినీలలోహిత కిరణాలు, ఆక్సిజన్, తేమ కలిసి ఏళ్ల తరబడి ఆ రెజిన్ గొలుసుల్ని తెంపుతాయి. పట్టుకునేది పోయాక రంగుపొడి సుద్దలాగా పైకి తేలుతుంది. వేలితో రాస్తే వేలికి అంటుతుంది. పాతకాలం సాలిడ్ రంగుల కార్లకి చాలావాటికి పైన క్లియర్ కోట్ ఉండేది కాదు, రంగే ఎండకి ఎదురు నిలబడాలి. అందులోనూ ఎరుపు రంగు త్వరగా ఓడిపోతుంది.

మా నాన్నది 1997 మోడల్ ఎర్ర మారుతి 800. పెనుగొండలో ఒక రైస్ మిల్లులో ఆయన ముప్ఫై ఏళ్లు గుమస్తాగా చేశారు. లెక్కలు రాసిన చేత్తోనే ఆ కారు నడిపారు. ఇరవై ఏడేళ్లు ఎండలో నిలబడి ఆ కారు బానెట్, రూఫ్ ఎరుపు నుంచి గులాబీకి, గులాబీ నుంచి పాలిపోయిన ఇటుక రంగుకి దిగాయి. ఇప్పుడాయనకి చూపు మందగించింది, కారు నడపడం మానేశారు. మార్టేరు నుంచి ఒక కుర్రాడు కొంటానని వచ్చాడు. ఎలక్ట్రీషియన్ పని చేస్తాడు, అదే మొదటి కారు. వారం తరవాత డబ్బు తీసుకొస్తానన్నాడు. ఆ వారంలో నేను హైదరాబాద్ నుంచి నా పాలిషర్, ప్యాడ్లు, కాంపౌండ్ సీసాలు వేసుకుని ఇంటికి వెళ్లాను. కోడ్ రాసే ఉద్యోగంలో పని అయిందో లేదో ఎప్పటికీ తేలదు. పెయింటు పనిలో తేలుతుంది. అందుకే ఐదారేళ్లుగా ఇది నాకు ఆదివారాల వ్యాపకం.

పద్ధతి చెప్తాను. ముందు నీళ్లు ధారగా పోసి దుమ్ముని కరిగించాలి, తరవాతే షాంపూ. ఆరాక క్లే బార్ అనే బంకముద్దతో రుద్దితే పెయింటులో దిగబడ్డ ఇనుపరజను, తారు చుక్కలు ఊడొస్తాయి. రబ్బరు అంచులకి టేపు వేయాలి. గేజ్‌తో మందం కొలవాలి. ఆ తరవాత ఎవరికీ కనబడని ఒక జానెడు చోట అన్నిటికన్నా మెత్తటి ప్యాడ్‌తో, అన్నిటికన్నా సన్నటి పాలిష్‌తో మొదలుపెట్టి చూడాలి. అది చాలకపోతేనే ఇంకో మెట్టు గరుకుకి వెళ్లాలి. పాలిష్‌లో ఉండేది కూడా గరుకే, ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు. న్యూటన్ 1704 నాటి ‘ఆప్టిక్స్’లో గాజు పాలిష్ గురించి ఇదే చెప్పాడు. మనం గీతల్ని పోగొట్టం, పొడి ఎంత సన్నదైతే గీతలు అంత సన్నవవుతాయి, చివరికి కంటికి ఆననంత సన్నవవుతాయి. నున్నటి ఉపరితలం అంటే లెక్కలేనన్ని గీతలు ఒప్పందానికొచ్చిన చోటు.

గేజ్ పెట్టాను. రూఫ్ మీద 85, బానెట్ మీద 90, డోర్ల మీద 110 చొప్పున చూపించింది. వెనక ఎడమ డోరు దగ్గరికొచ్చేసరికి 260. అంటే ఆ డోరుకి ఎప్పుడో మళ్లీ పెయింట్ వేశారు. నాన్నని అడిగితే, "పుష్కరాల్లో రా, సిద్ధాంతం రేవు దగ్గర వ్యాన్‌వాడు రాసుకుపోయాడు" అన్నారు. 2003 పుష్కరాలు. ఆ డోరుని నేను చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను, ఎక్కువ ఎర్రగా ఉండేది, కారణం మాత్రం ఎవరూ చెప్పలేదు.

బానెట్ మీద మొదటి ప్యాచ్ చేసి గుడ్డతో తుడిస్తే గుడ్డ రక్తంలో ముంచినట్టు ఎర్రగా వచ్చింది. క్లియర్ కోట్ లేని పెయింటుకి అది మామూలే, పోయేది రంగే కాబట్టి. కింద మాత్రం అసలైన ఎరుపు బయటపడింది. అమ్మ వరండాలోంచి చూసి, "అమ్మో, కొన్న రోజు ఇలాగే ఉండేది" అంది. నాన్న మాత్రం కారు వైపు చూడలేదు. నా చేతిలో గుడ్డ తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూశారు.

"ఇదేనన్నమాట తవుడు."

"తవుడేంటి నాన్నా?"

"పాలిష్ పట్టాక తవుడు రాకుండా ఎలా ఉంటుంది? బియ్యం తెల్లబడ్డాయి అంటే తవుడు ఎక్కడికో పోయిందనే గదా. మిల్లులో దానికో లెక్క ఉంటుంది. నీ లెక్కలో ఎక్కడ రాస్తావురా దీన్ని?"

ఇది సరదాకి అన్న మాట కాదు. పాలిష్ అనే ఇంగ్లీషు మాట మా డెల్టాలో బూట్ల వల్ల కాదు, బియ్యం వల్ల పాతుకుపోయింది. క్వింటా ధాన్యం ఆడిస్తే పచ్చిబియ్యం 67 కిలోలు రావాలనేది ప్రభుత్వ కొలత. మిగతాది ఊక, తవుడు, నూక. ఊక ఎటూ తినేది కాదు. తవుడు వేరు. అది గింజ ఒంటిమీది చర్మం, విటమిన్ బి1 ఎక్కువగా ఉండేది అందులోనే. పశువులు తింటాయి, నూనె తీస్తారు. మనిషి మాత్రం దాన్ని వదిలించుకుని మల్లెపూవులాంటి అన్నం తింటాడు.

దానికి ఈ తీరం కట్టిన మూల్యం చిన్నది కాదు. బెరిబెరి మీద మాల్కమ్సన్ అనే మిలటరీ డాక్టరు 1835లో మద్రాసులో ఒక పుస్తకం వేశాడు, అందులో ఆ జబ్బుకి పేరుమోసిన చోటు మన సర్కారు జిల్లాలే. కాళ్లు తిమ్మిరెక్కుతాయి, ఒళ్లు నీరు పడుతుంది, గుండె ఆగిపోతుంది. కారణం అప్పటికి ఎవరికీ తెలియదు. 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు కోళ్లకి పాలిష్ బియ్యం పెడితే వాటి కాళ్లు పడిపోవడం, పాలిష్ పట్టని బియ్యం పెడితే లేచి నడవడం చూశాడు. దానికి 1929లో నోబెల్ వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో కూడా భారతదేశంలో బెరిబెరి అంటే ముందు గుర్తొచ్చేది ఆంధ్రతీరమే. పక్కనే తమిళులు ఎక్కువగా ఉప్పుడు బియ్యం తినేవారు. ధాన్యం ఉడికించినప్పుడు తవుడులోని బి1 కొంత గింజలోకి దిగుతుంది. మనం పచ్చిబియ్యం తినేవాళ్లం, అదీ బాగా కడిగి, గంజి వార్చి. మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ రకం దేశమంతా పండింది. ఆ పంటనీ చివరికి తెల్లగా చేసుకునే తిన్నాం.

కాబట్టి నాన్న అడిగింది అసలైన ప్రశ్నే. పాలిష్‌లో పోయేది మకిలి ఒక్కటే కాదు, రక్షణ కూడా. పైగా మెరుపుని అనుభవించేవాడు ఒకడు, పోయినదాని ఫలితం అనుభవించేవాడు ఇంకొకడు కావచ్చు. ఈ కారు విషయంలో మెరుపు వల్ల లాభం మాది, రేటు నాలుగు వేలు ఎక్కువ పలుకుతుంది. పలచబడ్డ పెయింటు మార్టేరు కుర్రాడిది.

ఇక్కడ మూడు దార్లు కనిపిస్తాయి.

మొదటిది కప్పిపుచ్చడం. నూనెలు, మైనాలు ఎక్కువుండే గ్లేజులు దొరుకుతాయి. గీతల్లోకి దిగి నిండుతాయి, అరగంటలో కారు అద్దంలా అవుతుంది. నాలుగు సార్లు కడిగేసరికి మళ్లీ మొదటికొస్తుంది. సెకండ్ హ్యాండ్ కార్ల బేరాల్లో ఎక్కువగా జరిగేది ఇదే. జార్జ్ ఎకర్లాఫ్ 1970లో రాసిన పేపర్ పాత కార్ల గురించే. కారు లోపల ఏముందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు, అందువల్ల కొనేవాడు అన్ని కార్లనీ అనుమానిస్తాడు, చివరికి మంచి కార్లవాళ్లు బజారు నుంచి తప్పుకుంటారు. గ్లేజు పెట్టినవాడు ఒక్క కొనుగోలుదారుణ్ణే కాదు, నిజాయితీగా అమ్మేవాడినీ ముంచుతున్నాడు. ఇందులో తర్కించడానికి ఏమీ లేదు, మోసం. అయితే ఒక చిన్న చిక్కు. గ్లేజు పెయింటుకి ఏ హానీ చేయదు, ఒక్క మైక్రాన్ కూడా తీయదు. కొనేవాడికి అబద్ధం చెప్పేది కారుకి మంచిదే. నేను చేసే నిజమైన కరెక్షన్ అబద్ధం చెప్పదు గానీ కారుని అరగదీస్తుంది. నిజం ఎప్పుడూ వస్తువుకి మేలే చేస్తుందని మనం అనుకుంటాం, అలా ఏమీ లేదు.

రెండోది, అసలు ముట్టుకోకపోవడం. సాహిత్యం చదివేవాళ్లకి ఇది బాగా నచ్చే దారి. వయసుని గౌరవించాలి, మచ్చలు చరిత్ర, పాతదనమే అందం. ఇంగ్లండులో పాత చర్చిల్ని మరమ్మతు పేరుతో గోడల సున్నం గీకి, ఎప్పుడూ లేని కొత్త పాతదనం తెస్తున్నారని విలియం మారిస్ 1877లో ఒక సంఘం పెట్టాడు, దానికి ముద్దుపేరే ‘యాంటీ స్క్రేప్’. గీకొద్దు అనేవాళ్ల సంఘం. గీకితే పోయేది మురికి ఒక్కటే కాదు, వందల ఏళ్ల చేతుల పని అని వాళ్ల వాదన. నాకు మారిస్ అంటే ఇష్టమే. కానీ చర్చిగోడ వేరు, రోడ్డు మీద తిరిగే కారు వేరు. సుద్దలా తేలిన పెయింటు ఇంక దేన్నీ కాపాడదు. నీటిని పట్టి ఉంచుతుంది, కింది పొర కూడా అదే దారి పడుతుంది. దాన్ని చరిత్ర అని వదిలేయడం అంటే, మంచం మీద ఉన్న మనిషి ముడతల్ని చూసి ఎంత అందమో అని ఫొటో తీసుకుని మందు ఇప్పించకపోవడం. పైగా ఆ కుర్రాడికి చరిత్ర అక్కర్లేదు. పెళ్లాన్ని కూచోబెట్టుకుని పాలకొల్లు వెళ్లినప్పుడు కారు బాగుండాలి. పాతదనాన్ని ప్రేమించడం చాలాసార్లు కొత్తది కొనుక్కోగలిగినవాళ్ల సరదా. వాళ్ల సరదాకి వాడిని పాలిపోయిన కారులో తిప్పడం న్యాయం కాదు.

మూడోది, తరుగు చెప్పి మెరుగు పెట్టడం. ఈ మాట కంసాలి దగ్గరిది. మెరుగుకీ తరుగుకీ తెలుగులో ప్రాస కుదరడం యాదృచ్ఛికమే అయినా, ఆ రెండూ ఒకే బల్ల మీద జరుగుతాయి. నగకి మెరుగు పెడితే బంగారం కొంత పోతుంది, అది అందరికీ తెలుసు. తరుగు ఎంత అని అమ్మలు గట్టిగా బేరమాడతారు. దాన్ని దాచినవాడు దొంగ, చెప్పి రాసుకున్నవాడు పనివాడు. మెరుగు పెట్టడం తప్పని ఎవరూ అనరు, తరుగు లేకుండా మెరుగు వస్తుందన్నవాణ్ణి ఎవరూ నమ్మరు. ఇది చాలా పరిణతి ఉన్న నీతి అనిపిస్తుంది నాకు.

ఈ నీతిని కారు దాటించి కూడా చూడొచ్చు. తాళపత్రాల కాలంలో రాయడమంటేనే గీయడం. గంటంతో ఆకు మీద గీత పడుతుంది, అప్పుడు అక్షరం కనబడదు. మసి, ఆకుపసరు రాస్తే ఆ నలుపు గీతలో నిలుస్తుంది, అప్పుడు చదవగలం. బానెట్ మీద గీతలో దుమ్ము నిలిచినట్టే. ఒకే పని, ఒకచోట పాడుచేయడం, ఒకచోట రాయడం. ఏది పాడో ఏది రాతో తేల్చే బాధ్యత పరిష్కర్త మీద పడింది. బ్రౌన్ దొర తన పండితులతో ఎన్నో ప్రతులు పోల్చి చూయించి వేమన పద్యాలు 1829లో అచ్చువేశాడు. అలాంటి పనిలో ఒక పాఠం తీసుకోవడమంటే మిగతావాటిని అరగదీయడమే. తప్పదు. మంచి పరిష్కర్తకీ చెడ్డ పరిష్కర్తకీ తేడా, పుట అడుగున పాఠాంతరాలు ఇచ్చాడా లేదా అన్నది. పాఠాంతరాలంటే తరుగు చీటీ. ఏం పోయిందో చెప్తుంది, నచ్చనివాడు వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు.

నా ఉద్యోగంలోనూ ఇదే. పదేళ్ల నాటి కోడ్ తెరిస్తే అర్థంపర్థం లేని కండిషన్లు కనబడతాయి, ఫలానా రాష్ట్రం అయితే, ఫలానా తేదీ దాటితే, అని. కొత్తగా చేరినవాళ్లకి అవి స్వర్ల్ మార్కులు. రీఫ్యాక్టర్ చేసి నున్నగా చేసేద్దామని చేతులు దురదపెడతాయి. కానీ అందులో సగం గీతలు ఏదో ఒక అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు ఎవరో నిద్ర మానుకుని గీసినవి. తీసేయొచ్చు, చాలాసార్లు తీసేయాలి కూడా. ఎందుకు తీశామో కమిట్‌లో రాయకుండా తీసేస్తే మాత్రం అది శుభ్రం కాదు, మతిమరుపు. కోడ్‌కి ఒక్క అదృష్టం ఉంది, పాత వెర్షన్ ఎక్కడో ఉంటుంది. పెయింటుకి అదీ లేదు. అందుకే పెయింటు పని ఎక్కువ జాగ్రత్త నేర్పుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటేయకూడదు. చెప్పేస్తే సరిపోతుందా? "పాలిష్ చేశాను, పెయింటు పలచబడింది" అని చెప్పి 85 మైక్రాన్ల రూఫ్‌ని 60కి దించేస్తే ఒప్పుకుందామా? చెప్పడం నా పాపాన్ని కడిగేది అయితే అది గ్లేజు కన్నా గొప్పదేం కాదు. వస్తువు ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్తూ ఉంటుంది. ఇవాళ నా చేతిలో ఉంది కాబట్టి మిగిలిన మెరుపంతా నేనే తీసేసుకుంటాననడం, చెప్పి తీసుకున్నా సరే, దోపిడీయే. తరవాతి చేతికి కూడా ఒకసారి మెరుగు పెట్టుకునే అవకాశం మిగలాలి. కాబట్టి రెండు షరతులు అనుకుంటున్నాను. పోయిందెంతో భరించేవాడికి తెలియాలి, మళ్లీ పోవడానికి కొంత మిగలాలి. మొదటిది నిజాయితీ, రెండోది మితం. ఒకదాని బదులు ఇంకొకటి చెల్లదు.

ఆ వారం చేసింది ఇదే. ఒక్క మెట్టు పాలిష్‌తో ఆగాను. సుద్ద పోయింది, ఎరుపు వచ్చింది. సన్నగీతల్లో చాలావరకు పోయాయి. లోతైనవాటి జోలికి వెళ్లలేదు. డ్రైవర్ డోరు తాళం దగ్గర అరచేతి వెడల్పున ఒక చోటు ఉంది. ఇరవై ఏడేళ్లు తాళంచెవి గుత్తిలో మిగతా చెవులు ఊగి ఊగి గీసిన గీతలు. మిల్లు ఆఫీసు తాళం, ఇంటి తాళం, బీరువా తాళం. అవి పోవాలంటే అక్కడి పెయింటు దాదాపు అంతా పోవాలి. అలాగే ఉంచాను. అందంగా ఉన్నాయని కాదు, ఖర్చుకి తగ్గ ఫలితం లేదని. నాన్న అటువైపు వచ్చి ఆ చోటుని బొటనవేలితో ఒకసారి రాసి వెళ్లిపోయారు, ఏమీ అనలేదు. ఆయనకి అది అందమో ఖర్చో నేనూ అడగలేదు.

కుర్రాడు వచ్చినప్పుడు నాన్నే అన్నీ చెప్పారు. గుమస్తా లెక్క అప్పజెప్పినట్టు చెప్పారు. పుష్కరాల డోరు, మార్చిన క్లచ్, నా పాలిష్, ఎర్రబడ్డ గుడ్డలు. గుడ్డలు తెచ్చి చూపించమన్నారు కూడా, చూపించాను. కుర్రాడు గుడ్డల్ని పట్టించుకోలేదు. బానెట్‌లో తన మొహం చూసుకున్నాడు, తరవాత నన్ను అడిగాడు, "ఇంకోసారి చేయించుకోవచ్చాండీ ఇలాగ?"

ఎంత బావుంది అనలేదు, ఎంత తగ్గిస్తారు అనలేదు. నేనింత పొడుగున రాసిన రెండో షరతుని అతను ఒక్క ముక్కలో అడిగేశాడు. ఒకటి రెండు సార్లు, అదీ ఏళ్లు ఆగి, మెత్తగా చేయిస్తే చేయించుకోవచ్చని చెప్పాను. రూఫ్ జోలికి వెళ్లొద్దన్నాను. అసలు ఆ అవసరమే రాకుండా ఉండాలంటే పొడిగుడ్డతో తుడవడం మానేయాలని, ముందు నీళ్లు పోయాలని, నీడలో పెట్టాలని, రెండు బకెట్లు వాడాలని, ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి అని చెప్పాను. రెండు బకెట్ల దగ్గర అతనికి నవ్వొచ్చింది. నాన్న మాత్రం నవ్వలేదు. "చెప్పింది రాసుకోవయ్యా" అన్నారు. అతను ఫోన్ తీసి రాసుకున్నాడు.